అనంతగిరిలో దిక్సూచితో రెండు రోజులు

మన ఇళ్ళలో దిక్సూచి అంటే వాస్తు చూసేవాళ్ళ జేబులోంచి బయటికొచ్చే వస్తువే. దాన్ని పట్టుకుని అడవిలో నడుద్దామంటే మా బావమరిది "ఈశాన్యం మూల వెతకడానికా బావా?" అని నవ్వాడు. అతన్నే వెంటేసుకుని వానాకాలం చివర్లో అనంతగిరి వెళ్ళాను.

సికింద్రాబాద్ నుంచి కర్ణాటకలోని వాడి జంక్షన్ వైపు పోయే రైలెక్కి వికారాబాద్‌లో దిగితే అక్కణ్ణుంచి ఆటోలో కాసేపే. మొదటి రాత్రి కోట్‌పల్లి చెరువు దగ్గర ఒక ప్రైవేటు గుడారాల్లో దిగాం. అదే పొరపాటు. అర్ధరాత్రి దాకా డీజే మోత. గైడుకని విడిగా డబ్బు కట్టించుకుని, ఫోనులో మ్యాపు చూసుకుంటూ మా వెనకాలే నడిచే కుర్రాణ్ణి పంపారు. చెరువులో కయాకింగ్ మాత్రం హాయిగా ఉంది. మర్నాడు పర్యాటక శాఖ వాళ్ళ హరిత రిసార్టుకి మారాం. గదులు సాదాసీదా, కానీ కాస్త నడిస్తే అడవే. నడవడానికి వచ్చినవాళ్ళకి ఇంకేం కావాలి?

ఇక దిక్సూచి. మా మేనల్లుడు అమెరికా నుంచి తెచ్చిన ఖరీదైనది తీస్తే సూది తిరగదే! ఒక కొన వాలి అడుగుకి రాసుకుంటోంది. ఉత్తరాదిన దూరంగా ఉన్న దేశాల్లో భూమి అయస్కాంతం సూది ఉత్తరపు కొనని బాగా కిందికి లాగుతుంది. అందుకని అక్కడ అమ్మేవాటికి దక్షిణపు కొనవైపు బరువు పెడతారు. మనం అయస్కాంత భూమధ్యరేఖకి, అంటే సూది ఏ కొనకీ వాలకుండా అడ్డంగా నిలిచే రేఖకి, దగ్గర (1963లో రాకెట్ ప్రయోగాలకి కేరళలోని తుంబాని ఎంచుకున్నది కూడా ఆ రేఖ కోసమే), ఇక్కడ ఆ బరువు ఎక్కువైపోతుంది. చివరికి పనికొచ్చింది కోఠిలో కొన్న చవకదే.

పటం సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళది, 1:50,000. వాళ్ళ ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో ఉచితం. అసలు ఉత్తరానికీ సూది చూపే ఉత్తరానికీ తేడా మన దగ్గర సుమారు ఒక డిగ్రీయే, పట్టించుకోనక్కర్లేదు. అటవీ శాఖ వాళ్ళనడిగి, వాళ్ళు సరేనన్న వైపే వెళ్ళాం.

వాగు వెంట పోతే ఊరు తగులుతుందనే పాత లెక్క ఇక్కడ చెల్లదు. ఈ గుట్టల్లో ఒక పక్క నీళ్ళు మూసీగా హైదరాబాద్ వైపు, ఇంకో పక్క నీళ్ళు కాగ్నాలో కలిసి కర్ణాటక వైపు పోతాయి. పైగా వానలకి పొదలు బలిసి పాతిక అడుగుల అవతల ఏమీ కనపడదు. 240 డిగ్రీల మీద (ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్క, అంటే ఇంచుమించు నైరుతి) చెట్టు తర్వాత చెట్టు గురిపెట్టుకుని, అడుగులు లెక్కేసుకుంటూ కిలోమీటరు నడిచాం. మధ్యలో సూది ఉన్నట్టుండి పక్కకి జరిగింది. చూస్తే, బావమరిది ఫొటో తీద్దామని ఫోను దాని పక్కనే పెట్టాడు.

తిరుగుదారి లెక్కప్రకారం 60 (240 లోంచి 180 తీసేస్తే). కావాలనే 50 పట్టాను. సూటిగా మేం బయల్దేరిన రోడ్డు పక్క గేటుకే గురిపెట్టి కాస్త తప్పితే, రోడ్డెక్కాక కుడికి వెళ్ళాలో ఎడమకో తెలీదు. ఇలాగైతే ఎడమకి తప్పామని ముందే తెలుసు. రోడ్డెక్కగానే కుడికి తిరిగాం, మూడు నిమిషాల్లో గేటు దగ్గరి టీ కొట్టు కనపడింది.

టీ తాగుతూ బావమరిది మెల్లగా అడిగాడు, కొత్త ఫ్లాటు గుమ్మం తూర్పేనో కాదో చూసుకోవాలి, దిక్సూచి ఇస్తావా అని. "లోపల చూడకు, స్లాబులో ఇనుముంటుంది. కిందికి దిగి, కార్లకి దూరంగా నిలబడి చూడు" అని ఇచ్చాను.