మార్బుల్ ఫ్లోర్‌కి డీప్ క్లీనింగ్ బుక్ చేశారా? ముందు ఇది చదవండి

డీప్ క్లీనింగ్ పేరుతో పాలరాయి మీద యాసిడ్ పోస్తున్నారు. బుకింగ్ పెట్టుకున్నవాళ్లు దయచేసి ఇప్పుడే ఆపేయండి. ఏ యాప్ అని నేను రాయను. ఇంటి పనులకి మనలో చాలామంది వాడేదే.

బుక్ చేసేటప్పుడే ఫ్లోర్ మార్బుల్ అని రాశాను. న్యూట్రల్ క్లీనర్ (యాసిడ్ గానీ క్షారం గానీ కానిది) మాత్రమే వాడతామని వాళ్ల వివరాల్లోనే ఉంది. ఇద్దరొచ్చారు, సోఫాలు జరిపారు, ఊడ్చారు. అంతవరకూ మామూలే. నేను లోపలి గదిలోంచి వచ్చేసరికి ఒకతను లేబుల్ లేని తెల్ల డబ్బా వంచి, ఏదో నేరుగా బండల మీద పోస్తున్నాడు. పోసిన చోటల్లా సుయ్యిమంటూ సన్నటి బుడగలు. ముక్కు మండిపోయే ఘాటు. ఆపమని గట్టిగా అరిచాను. అతను తలైనా ఎత్తకుండా, "మురికి పొంగుతోంది మేడమ్, చూడండి మీ ఇంట్లో ఎంతుందో" అన్నాడు.

అది మురికి కాదండీ! పాలరాయిలో ఉండేదే కాల్షియం కార్బొనేట్. యాసిడ్ తగిలితే రాయి కరిగి కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది, ఆ బుడగలు అవే. నా కళ్లెదుటే నా ఫ్లోర్‌ని కరిగిస్తూ, అదే చూపించి నా ఇల్లు మురికిగా ఉందంటాడా? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది.

నీళ్లు కుమ్మరించి తుడిపించాను. తడి ఆరాక చూస్తే, అతను డబ్బా వంచుకుంటూ నడిచిన దారంతా వంకరటింకరగా తెల్లటి చార. పక్క బండలో కిటికీ చువ్వలు కూడా అద్దంలోలా కనిపిస్తున్నాయి, చార పడిన చోట ఏమీ లేదు. వేలితో రాస్తే గరుకు. డబ్బా కింద పెట్టిన చోట దాని అడుగు గుండ్రంగా అచ్చు పడిపోయింది.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే ఇంకో అబద్ధం. "సీలర్ వేయించుకోలేదు కదా, అందుకే మరక పట్టింది. పాలిష్ ప్యాకేజ్ తీసుకోండి, డిస్కౌంట్ ఇప్పిస్తా" అన్నాడు. పాడు చేసిందీ వాళ్లే, బాగు చేయడానికి డబ్బు అడిగేదీ వాళ్లే! సీలర్ చేసే పని నూనె, కాఫీ లాంటివి రాయిలోకి త్వరగా ఇంకకుండా చూడటం. యాసిడ్ పైపొరని తినేస్తుంటే అది ఆపలేదు. సీలర్ వేసిన పాలరాయి మీద నిమ్మరసం పడినా మచ్చ మిగులుతుంది. నా ఫ్లోర్ మీద ఉన్నది అసలు మరకే కాదు, ఎచింగ్, అంటే యాసిడ్ రాయి పైపొరని తినేసిన గుర్తు. రాయే పోయింది కాబట్టి ఏం పెట్టి తుడిచినా అది పోదు. చిన్న మచ్చ అయితే మార్బుల్ పాలిషింగ్ పౌడర్‌తో రుద్ది చూడొచ్చు. ఇంత పెద్ద చారకి డైమండ్ ప్యాడ్‌లతో పైపొర అరగదీసి, మళ్లీ మెరుపు తేవాల్సిందే.

ఎవరిని పిలిచినా డబ్బా మీద లేబుల్ చూపించందే బండ మీద చుక్క కూడా పడనివ్వకండి. పీహెచ్ 7 దగ్గర ఉన్న, అంటే న్యూట్రల్ క్లీనరే కావాలి, అదీ ముందు కనబడని మూలలో వేయించి చూడండి. "నేచురల్" అని వెనిగర్ వాడతామన్నా ఒప్పుకోకండి, అదీ యాసిడే. ట్రావర్టైన్, లైమ్‌స్టోన్, ఆనిక్స్ మార్బుల్ ఉన్నవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. గ్రానైట్ మామూలు యాసిడ్‌లకి బాగానే తట్టుకుంటుంది గానీ, తుప్పు మరకలు తీసే కొన్ని మందుల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది, అది గ్రానైట్‌నీ తినేస్తుంది. మనుషులకి ఇంకా ప్రమాదం. యాసిడ్ పోసిన చోట బ్లీచ్ మాత్రం అస్సలు పోయనివ్వకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. పొరపాటున యాసిడ్ పడితే కిటికీలు తెరిచి, బాగా నీళ్లు పోసి, వంటసోడా కలిపిన నీళ్లతో కడగండి.

పని మొదలుపెట్టక ముందే ఫ్లోర్ ఫోటోలు తీసి పెట్టుకోండి. నా దగ్గర పాతవి ఉన్నాయి కాబట్టి కంప్లైంట్‌తో పాటు అవీ పంపాను. ఇంకా జవాబు లేదు. ఈ యాప్ వాళ్ల నుంచి నష్టపరిహారం రాబట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా చేశారో చెప్పండి ప్లీజ్.