ట్రైలర్ బ్రేకు పట్టేస్తే లాగడం మేలా, సుత్తి మేలా?

వారాల తరబడి వానలో నిలిపిన ట్రైలర్‌కు ఇంజిన్ బండి తగిలించి కదిలిస్తే, ఒక చక్రం తిరగకుండా నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. ఇంకాస్త గట్టిగా తొక్కితే అదే వదులుతుందని చాలామంది అనుకుంటారు. నేనైతే అక్కడే ఆగమంటాను.

ఇవి గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకులు కాబట్టి ముందు గాలి సంగతి చూడాలి. పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచేది చాంబర్‌లోని (చక్రం దగ్గరుండే గాలి డబ్బాలోని) స్ప్రింగు, దాన్ని వెనక్కి నెట్టేది గాలి. గాలి ఒత్తిడి సుమారు 60 పీఎస్‌ఐ దాటితే గానీ అది పూర్తిగా వదలదు. ట్యాంకు 100 దాటి నిండాక ఒకరు ట్రైలర్ బ్రేకు వదలాలి, ఇంకొకరు పక్కన నిలబడి పుష్‌రాడ్‌ను, అంటే చాంబర్ నుంచి బయటికి వచ్చే కడ్డీని, చూడాలి. అది లోపలికి పోకపోతే తప్పు వాల్వులోనో గాలి గొట్టంలోనో డయాఫ్రమ్‌లోనో (చాంబర్ లోపలి రబ్బరు పొరలోనో) ఉంది, సుత్తితో పని లేదు. అది లోపలికి పోయినా చక్రం తిరగలేదంటే లైనింగు (బ్రేకు షూ మీది రాపిడి పొర) తుప్పుతో డ్రమ్ముకు (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెకు) అతుక్కుందన్నమాట.

అలా అతుక్కున్నప్పుడు బండిని ముందుకూ వెనక్కూ మెల్లగా ఒకటి రెండుసార్లు ఊపి చూడొచ్చు. తేలికగా పట్టినదైతే టక్‌మని వదులుతుంది. వదలకపోయినా లాగుతూ పోతే టైరు ఒకేచోట అరిగి చదునవుతుంది, లైనింగు షూ నుంచి ఊడి డ్రమ్ములో ఇరుక్కోవచ్చు కూడా. అందుకే నా ఓటు సుత్తికే. మిగతా చక్రాలకు రెండు వైపులా అడ్డాలు పెట్టి, ట్రైలర్ బ్రేకు వదిలి ఉంచి, డ్రమ్ము చుట్టూ జరుపుకుంటూ మధ్యస్థంగా కొట్టాలి. అంచు మీద బలంగా కొట్టొద్దు, పోత ఇనుము పగులుతుంది. వెనక డస్ట్ కవర్ లేకపోతే షూ చివర కొట్టడం ఇంకా మంచిది, దెబ్బ నేరుగా అతుకు మీదే పడుతుంది. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

స్లాక్ అడ్జస్టర్ (పుష్‌రాడ్‌ను, షూను తోసే క్యామ్‌కు కలిపి, షూకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీని సర్దే మీట) వదులు చేయమని చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ పుష్‌రాడ్ అప్పటికే వెనక్కి వచ్చింది కదా, షూను పట్టుకున్నది క్యామ్ కాదు, తుప్పు. పైగా ఆటోమేటిక్ అడ్జస్టర్‌ను బలవంతంగా వెనక్కి తిప్పితే లోపలి పళ్లు దెబ్బతింటాయి. డ్రమ్ము ఊడదీయాల్సి వస్తేనే ఆ పని. కేజింగ్ బోల్టు సంగతీ అంతే, గాలి అందనప్పుడు స్ప్రింగును వెనక్కి లాగడానికి అది పనికొస్తుంది గానీ తుప్పును విడదీయదు. అది బిగించిన చక్రానికి పార్కింగ్ బ్రేకు ఉండదు. చాంబర్‌ను చుట్టి బిగించి ఉంచే క్లాంపు మాత్రం విప్పొద్దు, ఆ స్ప్రింగు ప్రాణం తీస్తుంది.

మంట పెట్టడం, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టడం నేను అసలు ఒప్పుకోను. మంటకు టైరు పేలవచ్చు. ఆయిల్ లైనింగుకు పట్టిందంటే వదిలిన బ్రేకు మళ్లీ సరిగా పట్టదు.

చక్రం వదిలాక నెమ్మదిగా కొంతదూరం నడిపి, రెండు మూడుసార్లు బ్రేకు వేసి చూడండి. ఆపాక డ్రమ్ముల దగ్గరికి, తాకకుండా, చెయ్యి తీసుకెళ్లండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అది ఇంకా రాసుకుంటోంది. డ్రమ్ము ఊడదీసి చూశాకే లోడ్ వేయండి.