పాడ్ లోపల వీఎం: రెండేళ్లు వాడాక

రెండేళ్ల నుంచి మా ఆటోమేటెడ్ టెస్టులు దాదాపు అన్నీ క్లౌడ్ వాళ్లు నడిపే కుబర్నెటీస్ క్లస్టర్‌లోనే (చాలా మెషీన్లని కలిపి వాటి మీద ప్రోగ్రాములు నడిపించే వ్యవస్థ), ఒక్కో పాడ్ (అందులో ప్రోగ్రామ్ నడిచే కనీస యూనిట్) లోపల ఒక్కో వీఎం, అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారయ్యే మెషీన్, లేపి నడుపుతున్నాం. ఏ క్లౌడో చెప్పను. మారతహళ్లిలో మా ఆఫీసు కింద టీ తాగేవాళ్లలో సగం మంది తెలుగువాళ్లే, అందులో ఎవరు ఎక్కడ పనిచేస్తారో ఎవరికి తెలుసు.

పాడ్‌లో మామూలుగా నడిచే కంటైనర్ (ప్రోగ్రామ్‌ని దానికి కావలసినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టె) ఉండగా వీఎం ఎందుకంటారా? మా సాఫ్ట్‌వేర్ కెర్నెల్‌లోకి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలోకి, ఒక మాడ్యూల్ లోడ్ చేస్తుంది, మెషీన్ రీబూట్ అయ్యాక అది మళ్లీ లేచిందో లేదో చూడాలి. కంటైనర్లన్నీ తామున్న నోడ్ (క్లస్టర్‌లోని ఒక్కో మెషీన్) కెర్నెల్‌నే పంచుకుంటాయి కాబట్టి మా మాడ్యూల్ కెర్నెల్‌ని పడగొట్టిందంటే ఆ నోడ్ మీదున్న అందరి టెస్టులూ పోతాయి.

చిక్కేంటంటే క్లౌడ్ ఇచ్చే నోడే ఒక వీఎం. అందులో ఇంకో వీఎం అంటే, పీజీలో గది తీసుకుని ఒక మంచం వేరేవాడికి అద్దెకిచ్చినట్టు. గీజర్ పాడైతే వాడు నన్ను అడుగుతాడు, నేను ఓనర్‌ని అడగాలి. ఈ తిరుగుడు వల్లే సీపీయూ పనిలో 10 శాతమో అంతకంటే ఎక్కువో వేగం పోవచ్చని, డిస్కు పనిలో ఇంకా ఎక్కువే పోవచ్చని గూగుల్ తన డాక్యుమెంట్లలో ముందే రాసి పెట్టింది.

నన్ను ఏడిపించింది ఆ 10 శాతం కాదు. ఒక శుక్రవారం, 40 నిమిషాల్లో అయిపోయే టెస్టుల సూట్ నాలుగు గంటలైనా అవలేదు. ఎర్రర్ ఏమీ లేదు, అన్నీ నడుస్తున్నాయి, కాకపోతే నత్తలా. పాడ్‌లోకి దూరి చూస్తే డెవ్ డైరెక్టరీలో కేవీఎం (వీఎంని అసలు సీపీయూ మీదే వేగంగా నడిపే లినక్స్ సదుపాయం) అన్న డివైస్ ఫైలే లేదు! ఖర్చు తగ్గించమంటే ఆ వారమే చవక రకం నోడ్లు కలిపాం, వాటిలో నెస్టెడ్ వర్చువలైజేషన్, అంటే వీఎంలో ఇంకో వీఎం నడిపే వీలు, లేదు. కేవీఎం దొరక్కపోతే టీసీజీకి, అంటే సీపీయూని మొత్తం సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే పద్ధతికి వెళ్లిపొమ్మని, వీఎంని నడిపే ప్రోగ్రామ్ క్యూఈఎంయూ స్క్రిప్టులో ఎవరో మహానుభావుడు రాశాడు. గిట్‌లో కోడ్ చరిత్ర చూస్తే ఆ మహానుభావుణ్ని నేనే. లాగులో దానికి ఒకే ఒక్క వార్నింగ్ లైను, అదీ బూట్ మెసేజ్‌ల గుంపులో.

ఆ రోజే టీసీజీ తీసేశా. కేవీఎం లేకపోతే టెస్టు వెంటనే చావాలి, అంతే. తర్వాత నోడ్‌లో ఉన్న డివైస్‌లని కుబర్నెటీస్‌కి చూపించే డివైస్ ప్లగిన్ పెట్టాం, పాడ్ సీపీయూ, మెమరీ అడిగినట్టే కేవీఎం కూడా అడుగుతుంది, ఏ పాడ్ ఏ నోడ్‌కి వెళ్లాలో తేల్చే షెడ్యూలర్ దాన్ని కేవీఎం ఉన్న నోడ్‌కే పంపుతుంది. అంతకుముందు నోడ్ మీద దాదాపు అన్ని హక్కులూ ఉండే ప్రివిలేజ్డ్ పాడ్‌లతో నెట్టుకొచ్చేవాళ్లం, సెక్యూరిటీ టీమ్‌తో నెలకో గొడవ. అదీ పోయింది.

మెమరీలో కూడా ఒక దెబ్బ తిన్నాం. వీఎంకి 4 జీబీ ఇచ్చి పాడ్ లిమిట్ కూడా 4 జీబీ పెడితే, క్యూఈఎంయూ తన కోసం వాడుకునేది లెక్కలోకి రాక సరిగ్గా టెస్టు మధ్యలో ఓఓఎం (మెమరీ చాలకపోవడం) అయి చచ్చేది. కుబర్నెటీస్‌లో వీఎంలు నడపడానికే ఉన్న క్యూబ్‌వర్ట్ అయితే ఈ లెక్క తనే వేసుకుంటుంది. 2023లో 1.0 వచ్చాక మేమూ ప్రయత్నించాం, బాగుంది, కానీ పది నిమిషాలు వాడి పారేసే వీఎంకి అంత సరంజామా అనవసరం అనిపించి వదిలేశాం.

డిస్కుకి మాత్రం ఒక చిట్కా పనిచేసింది. బేస్ ఇమేజ్ ముట్టుకోకుండా దాని మీద క్యూకౌ2 ఓవర్‌లే (మార్పులు మాత్రమే రాసుకునే పై పొర) వేసి, కాష్‌ని అన్‌సేఫ్‌లో, అంటే రాసింది డిస్కుకి చేరిందాకా ఆగని పద్ధతిలో, పెట్టడం. కరెంటు పోతే డేటా పోతుంది, పోనీ, ఎలాగూ పారేసేదే కదా.

నోడ్ అప్‌గ్రేడ్ అయినప్పుడు దాని మీదున్న వీఎంలూ పోతాయి, అందుకే ఏ టెస్టూ 20 నిమిషాలు దాటకుండా విడగొట్టాం. దాటక తప్పని డేటాబేస్ టెస్టులు మాత్రం ఇప్పటికీ నా బల్ల కింద పాత డెస్క్‌టాప్ మీదే నడుస్తున్నాయి, దాని ప్లగ్ మీద "పీకొద్దు" అని తెలుగులోనూ కన్నడలోనూ రాసి అంటించాను.