చిన్న బేస్ బాక్సులో ఎమినెన్స్ డెల్టాలైట్ 2512: కొన్నేళ్లు వాడాక

40 లీటర్ల బాక్సు, అందులో ఒకే ఒక్క 12 అంగుళాల స్పీకర్. ఆదివారం చర్చిలో, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో, మిగతా రోజుల్లో ఇంట్లో ప్రాక్టీసుకి, అన్నిటికీ నా బేస్ గిటార్ ఇందులోంచే మోగుతోంది. స్పీకర్ ఎమినెన్స్ వాళ్ల డెల్టాలైట్ 2512. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో పుట్టిన ఈ కంపెనీ స్పీకర్లు చాలా బ్రాండ్ల బేస్ యాంప్‌లలో లోపల కనిపిస్తాయి. కొత్తలో ఏ స్పీకరైనా బాగానే అనిపిస్తుంది కాబట్టి వెంటనే ఏమీ రాయలేదు. ఎండలు, వానలు, ఆటో ప్రయాణాలు అన్నీ అయ్యాక ఇప్పుడు రాస్తున్నాను.

ముందు వాడిన కాంబోలో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది) స్పీకర్ కాయిల్, అంటే కోన్ వెనక ఉండే తీగచుట్ట, రుద్దుకోవడం మొదలైంది. కోన్‌ని రెండు బొటనవేళ్లతో మెల్లగా నొక్కితే గరగరమనేది. రీకోన్ చేస్తామన్నవాళ్లు, అంటే కోన్, కాయిల్ కొత్తవి వేస్తామన్నవాళ్లు, ఉన్నారు కానీ వాళ్ల దగ్గరున్న కోన్‌లు పీఏ (జనానికి వినిపించే సౌండ్ సిస్టం) బాక్సులవి. కోన్ బరువు, అంచు బిగువు మారితే అది వేరే స్పీకర్ అయిపోతుంది. అందుకే కాంబో పక్కన పెట్టి, క్లాస్-డి హెడ్ (స్పీకర్ లేని తేలికైన యాంప్) ఒకటి, దానికి చిన్న బాక్సు ఒకటి విడిగా పెట్టుకుందామని నిర్ణయించుకున్నాను.

స్పీకర్ కోసం షాపులకు వెళ్తే మొదట వినిపించే మాట వాట్లు. "ఇది 500 వాట్స్ సార్, ఇది 800 వాట్స్ సార్" అని చూపిస్తారు. ఆ అంకె చెప్పేది కాయిల్ కాలిపోకుండా ఎంత వేడి తట్టుకుంటుందనే. ఎంత గట్టిగా మోగుతుందో, బేస్ గిటార్ కింది తీగ దగ్గర ఏం చేస్తుందో అది చెప్పదు. గట్టిదనం చెప్పేది సెన్సిటివిటీ: ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిచే డెసిబెల్స్. ఇందులో 3 డెసిబెల్స్ తేడా ఉందంటే రెట్టింపు వాట్లు ఇచ్చినంత తేడా. అంటే 500 వాట్ల స్పీకర్ సెన్సిటివిటీలో 3 డెసిబెల్స్ తక్కువైతే, 250 వాట్ల స్పీకర్ దాంతో సమానంగా మోగుతుంది. పైగా దాన్ని నడపడానికి సగం యాంప్ చాలు.

బేస్‌కి ఇంకో లెక్క కూడా ఉంది, అదే అసలైనది. నాలుగో తీగని ఎక్కడా నొక్కకుండా మీటితే వచ్చే ఓపెన్ ఈ (E) స్వరం 41 హెర్ట్జ్. డీ (D) తీగ రెండో ఫ్రెట్‌లో దొరికే ఈ (E) స్వరం దానికి సరిగ్గా పై ఆక్టేవ్, 82 హెర్ట్జ్. మూసిన బాక్సులో ఈ రెండూ సమానంగా వినిపించాలంటే కింది స్వరానికి కోన్ నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. కోన్ అలా ఎంతదాకా అదుపులో కదలగలదో చెప్పే కొలత ఎక్స్‌మ్యాక్స్. 12 అంగుళాల కోన్ వైశాల్యం సుమారు 520 చదరపు సెంటీమీటర్లు. 2512 ఎక్స్‌మ్యాక్స్ దాదాపు 5 మిల్లీమీటర్లు. రెండూ గుణిస్తే ఒక వైపుకి 260 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు నీళ్లంత గాలి. చర్చి హాలంతా వినిపించాల్సిన బేస్‌కి ఉన్న పెట్టుబడి అంతే. అదే కదలిక ఉన్న 10 అంగుళాల కోన్ అయితే 175 దగ్గర ఆగిపోతుంది. ఒకే స్పీకర్‌తో గడపాలనుకున్నప్పుడు నేను 12 వైపు మొగ్గింది ఇందుకే. 15 అంగుళాలది ఇంకా ఎక్కువ గాలి తోస్తుంది, నిజమే. కానీ దానికి తగ్గ బాక్సు స్కూటీ మీద రాదు.

బాక్సు చిన్నదిగా ఉండాలి, కింది స్వరాలు లోతుగా రావాలి, తక్కువ పవర్‌తో గట్టిగా మోగాలి. ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. స్పీకర్ల రంగంలో దీన్ని హాఫ్‌మన్ ఐరన్ లా అంటారు. 1957లో మొదలైన కేఎల్‌హెచ్ కంపెనీ పేరులో హెచ్ ఈ హాఫ్‌మన్‌దే. చిన్న బాక్సూ, గట్టిదనమూ నాకు తప్పవు. కాబట్టి వదులుకోవాల్సింది లోతు. ఇది విని చాలామంది నిరాశపడతారు. నిజానికి స్టేజి మీద బేస్‌ని బేస్‌గా వినిపించేది 41 హెర్ట్జ్ కాదు. ఓపెన్ ఈ కొట్టినప్పుడు 82, 123, 164 హెర్ట్జ్ దగ్గర వచ్చే పై హార్మోనిక్స్ చెవికి అందితే చాలు, అడుగు స్వరాన్ని చెవి తనే పూరించుకుంటుంది. 1969లో ఆంపెగ్ ఎస్‌వీటీతో వచ్చిన ఎనిమిది 10 అంగుళాల స్పీకర్ల క్యాబినెట్ అంత ఎత్తు ఉండి కూడా మరీ లోతుకి దిగదు. అయినా రాక్ బేస్ అంటే దశాబ్దాలుగా చాలామందికి గుర్తొచ్చే శబ్దం దానిదే.

2512తో పాటు నేను లెక్కలు వేసి చూసినవి అదే కంపెనీ కప్పాలైట్ 3012హెచ్‌ఓ, 3012ఎల్‌ఎఫ్. పేర్లలో మొదటి రెండంకెలు వాయిస్ కాయిల్ సైజు: 25 అంటే రెండున్నర అంగుళాలు, 30 అంటే మూడు. చివరి 12 కోన్ సైజు. ఎల్‌ఎఫ్‌కి కోన్ కదలిక బాగా ఎక్కువ, లోతు కూడా ఎక్కువ. కానీ మిడ్ (మధ్య స్వరాలు) వినిపించాలంటే పైన ఇంకో చిన్న స్పీకర్, రెంటికీ స్వరాలు పంచే క్రాసోవర్ కావాలి. హెచ్‌ఓ 400 వాట్లది, చిన్న బాక్సుకి చాలా మంచి ఎంపిక. నా హెడ్ 8 ఓమ్‌ల (స్పీకర్ కరెంటుకి చూపే నిరోధం) దగ్గర ఇచ్చేదే 250 చిల్లర వాట్లు కాబట్టి, దానికి పెట్టే అదనపు డబ్బు నాకు వినపడే రూపంలో తిరిగి రాదనిపించింది. 2512 ఒక్కటే ఉన్నా కిందనుంచి మిడ్ పైదాకా సొంతంగా లాక్కొస్తుంది. మ్యాగ్నెట్ నియోడిమియం కావడంతో మొత్తం బరువు మూడు కిలోలు కూడా లేదు. ఫెర్రైట్ మ్యాగ్నెట్ ఉన్న 12 అంగుళాలది చేత్తో ఎత్తి చూసినవాళ్లకి ఆ తేడా చెప్పనక్కర్లేదు. ధర మాత్రం ఎక్కువే. ఇక్కడికి తెప్పించుకునే సరికి బాక్సుకైన మిగతా ఖర్చంతా కలిపినా స్పీకర్ ధరకు చాలలేదు.

బాక్సు మా వీధి కార్పెంటర్ మేస్త్రీతో చేయించాను. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, బయటి కొలతలు 40, 40, 36 సెంటీమీటర్లు. లోపల 43 లీటర్లు, స్పీకర్, పైపులు ఆక్రమించేది తీసేస్తే 40 దగ్గర మిగులుతుంది. పోర్టుల కోసం, అంటే బాక్సు గాలి బయటికి వచ్చే దారుల కోసం, హార్డ్‌వేర్ షాపులో దొరికే 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపే వాడాను. దాని లోపలి వ్యాసం సుమారు 71. 20 సెంటీమీటర్ల చొప్పున రెండు ముక్కలు కోసి, ముందు పలకకి ఎదురెదురు మూలల్లో బిగించాం. లెక్క ప్రకారం ట్యూనింగ్, అంటే పైపులో గాలి తనంతట గట్టిగా మోగే చోటు, 48 హెర్ట్జ్. ఈ లెక్కలు ఇంత తేలికగా చేయగలుగుతున్నామంటే ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, తర్వాత రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో చేసిన పని వల్లే. స్పీకర్ డేటాషీట్‌లో ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని కనిపించే అంకెలకు థీల్-స్మాల్ పారామీటర్లనే పేరు. అవి ఇవ్వని స్పీకర్‌ని నేను ఎంత చవకైనా కొనను. ఏ బాక్సులో ఎలా మోగుతుందో లెక్కగట్టే దారి ఉండదు.

"గాలి బయటికి పోవడానికి పైపులు పెడుతున్నప్పుడు, సందులన్నీ ఫెవికాల్‌తో మూయడం ఎందుకన్నా?" అని మేస్త్రీ అడిగాడు. మంచి ప్రశ్న. బిగించిన రోజు సాయంత్రం అతనికి చూపించాను కూడా. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో 80 హెర్ట్జ్ నుంచి ఒక్కొక్కటే దించుకుంటూ వచ్చాను. 70, 60 దగ్గర కోన్ కదలడం కంటికి కనపడుతోంది. 50 దాటి కాస్త దిగేసరికి కోన్ దాదాపు నిలిచిపోయింది, కానీ పైపు ముందు చెయ్యి పెడితే గాలి వేళ్లకి తగులుతోంది. ట్యూనింగ్ దగ్గర పని చేసేది కోన్ కాదు, పైపులో గాలి. సందుల్లోంచి గాలి కారిపోతే ఆ పని జరగదు. 40 కిందికి దించగానే కోన్ పట్టు తప్పి అటూ ఇటూ ఊగడం మొదలైంది, శబ్దం మాత్రం లేదు. ఆ చివరి దృశ్యం గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇక మోత సంగతి. మా చర్చిలో కీబోర్డు వాయించే తమ్ముడి ఎడమ చేయి ఎప్పుడూ కిందే ఉంటుంది. దానికి తోడు ప్యాడ్స్ కిక్, తబలా డగ్గా. నలుగురం 60 నుంచి 120 హెర్ట్జ్ మధ్యే తోసుకుంటూ ఉంటాం. పాత కాంబోతో ఆ గుంపులో నేను వాయిస్తున్నానని తెలిసేది, ఏ స్వరమో తెలిసేది కాదు. 2512 వేశాక మొదటి ఆరాధన అయిపోగానే పాటలు పాడే అక్క వచ్చి, "ఇవాళ శృతి పట్టుకోవడం తేలికైంది తమ్ముడూ" అంది. నాకు ఏ డేటాషీట్ కన్నా విలువైన మాట అది. 150 నుంచి 400 హెర్ట్జ్ దాకా, అంటే స్వరానికి ఆకారం ఇచ్చే చోట, ఈ స్పీకర్ చాలా శుభ్రంగా ఉంటుంది. వేలు తీగని వదిలిన క్షణం విడిగా వినిపిస్తుంది. స్లైడ్ చేస్తే ఎక్కడ ఆగానో తెలుస్తుంది. సినిమా పాటల్లో బేస్ ఒక్కచోట నిలబడదు, పల్లవికీ చరణానికీ మధ్య పరుగెత్తుతుంది. ఆ పరుగులో ఒక్క స్వరం కూడా మిగతావాటిలో మునిగిపోదు.

ట్వీటర్ (పై స్వరాల చిన్న స్పీకర్) పెట్టలేదు. వేళ్లతో వాయించే నాకు ఆ లోటు తెలియలేదు. స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి వాయించడం) ఎక్కువగా వాయించేవాళ్లకి పైన మెరుపు తక్కువనిపిస్తుంది. ఇంకో విషయం: 12 అంగుళాల కోన్ ఏదైనా మిడ్ పై భాగాన్ని నేరుగా ముందుకే పంపిస్తుంది. బాక్సుని నేల మీద పెట్టి పక్కన నిలబడితే మన మోకాళ్లకి తప్ప చెవులకి స్పష్టత అందదు. ప్లాస్టిక్ కుర్చీ మీద ఎక్కించి కాస్త వెనక్కి వాలిస్తే చాలు, అదే స్పీకరా అనిపిస్తుంది. మూలకి ఆనించి పెడితే బేస్ ఉబ్బుతుంది. రేకుల షెడ్డులో జరిగే మీటింగుల్లో అది అస్సలు పనికిరాదు, గోడకి దూరంగా జరపాల్సిందే. చిన్న హాలు, వందా నూటయాభై మంది, మామూలు డ్రమ్స్ ఉంటే ఈ ఒక్క బాక్సు సరిపోతుంది. బహిరంగ సభల్లో మాత్రం ఇది నాకు మానిటర్, జనానికి వెళ్లేది డీఐ లైన్‌లో (హెడ్ నుంచి నేరుగా మిక్సర్‌కి వెళ్లే వైరు) పీఏ నుంచే.

ఇప్పుడు ఆ ఊగే కోన్ సంగతి. ఐదు తీగల బేస్‌లో ఓపెన్ బీ 31 హెర్ట్జ్. మన ట్యూనింగ్ 48. దానికంత కిందికి పోయాక పోర్టు కోన్‌ని పట్టుకోదు. శబ్దం రాదు, కోన్ మాత్రం హద్దు దాటి కదులుతుంది. వాట్లు స్పీకర్ తట్టుకునే అంకె దాటకపోయినా స్పీకర్లు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే. దీనికి మందు హైపాస్ ఫిల్టర్, అంటే ఒక హద్దు కిందున్న స్వరాలను తగ్గించేది. హెడ్‌లో ఉంటే సరే, లేకపోతే చిన్న పెడల్ తెచ్చుకుని 40 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. పెట్టాక బీ స్వరం తగ్గినట్టే అనిపించదు, పైగా మిగతా తీగలు ఇంకా బిగువుగా వస్తాయి. ఈక్యూలో బేస్ నాబ్ పూర్తిగా తిప్పేయడం కూడా ఇదే కారణంతో వద్దంటాను. 10 డెసిబెల్స్ పెంచామంటే అక్కడ పది రెట్లు పవర్ అడిగినట్టు. లోతు కావాలనిపిస్తే 200 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా తగ్గించి చూడండి, చాలాసార్లు కావాల్సింది అదే.

ఇన్నేళ్లలో స్పీకర్‌కి రిపేరు రాలేదు. వానాకాలం తేమకి కోన్ మెత్తబడలేదు, అంచులు వదులు కాలేదు. వచ్చిన చప్పుళ్లన్నీ బాక్సువే. ఒకసారి ఏ స్వరం దగ్గర జిర్రుమంటోందా అని వెతికితే స్పీకర్ బోల్టులు అదురుకి వదులయ్యాయని తేలింది. అప్పటినుంచి సీజన్ మొదలయ్యే ముందు ఒకసారి అన్నీ బిగిస్తాను, మరీ గట్టిగా కాకుండా, ఎదురెదురు బోల్టుల వరసలో. చెక్కలోకి నేరుగా మరలు కొట్టకుండా టీ-నట్లు వేయించినందుకు ప్రతిసారీ సంతోషపడతాను. జాక్ ప్లేటు చుట్టూ ఫోమ్ టేపు అరిగి ఈల వచ్చింది, మార్చాను. ముందు ఇనుప జాలీ తప్పనిసరి. పెళ్లి హడావుడిలో మైకు స్టాండు కాలు ఎటువైపు పడుతుందో చెప్పలేం.

కొనేముందు ఓమ్‌లు చూసుకోండి. ఒకే బాక్సు అనుకున్నా నేను 8 ఓమ్‌లదే తీసుకున్నాను. 4 అయితే హెడ్ ఇప్పుడే పూర్తి పవర్ ఇచ్చేది, కానీ అక్కడితో దారి మూసుకుపోయేది. చాలా క్లాస్-డి హెడ్‌లు 4 ఓమ్‌ల కిందికి దిగకూడదు. 8 ఓమ్‌ల బాక్సులు రెండు కలిపితే సరిగ్గా 4 అవుతుంది, పవర్ పెరుగుతుంది, కోన్ వైశాల్యం రెట్టింపవుతుంది. మేస్త్రీ దగ్గర పాత కొలతల కాగితం భద్రంగానే ఉంది. రెండో 2512 కోసం డబ్బు పక్కన పెడుతున్నాను.