మంత్రాలయం క్యూలో జారిన బేబీ ర్యాప్

పాపకు నెల దాటగానే కొన్న సాగే ర్యాప్‌ను (బిడ్డను ఒంటికి కట్టుకుని మోసే పొడవాటి గుడ్డ) కర్నూల్లో తెలిసినవాళ్లందరికీ కొనమని చెప్పింది నేనే. అందుకే ఇది కూడా చెప్పాలి.

మొదట్లో అదంటే నాకు ప్రాణం. ముందే కట్టుకుని పాపను లోపలికి దింపితే చాలు, నా గుండెకు చెవి ఆనించి రెండు గంటలు నిద్రపోయేది. ఆలోపు ఉగ్గాని కలిపేదాన్ని, బట్టలు ఆరేసేదాన్ని.

ఐదో నెల నిండినాక మంత్రాలయం పోయినాం. ఎమ్మిగనూరు మీదుగా బస్సు. దిగినాక పాపను ర్యాప్‌లో కట్టుకున్నా. అప్పటికి ఏడు కిలోలు. క్యూలో అరగంటకే ఎదమీద ఉండాల్సిన బిడ్డ బొడ్డు దాకా దిగిపోయింది. తల వంచితే నెత్తిన ముద్దు అందాలి, కట్టు సరిగ్గా ఉందనడానికి అదే కొలత. ఆరోజు అందలేదు. గుడ్డ పక్కకు లాగి చూస్తే వీపు ముడుచుకుపోయి, గడ్డం ఎదకు ఆనుకుని ఉంది. అట్లుంటే పసిబిడ్డకు ఊపిరాడకపోవచ్చు. చేతులు వణికినాయి. క్యూలోంచి బయటికొచ్చి, పాపను తీసి భుజాన వేసుకున్నా. పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే నాకు ప్రాణం కుదుటపడింది.

వేసిన ముడి వేసినట్టే ఉంది, గుడ్డే సాగింది. అది లైక్రా కలిపిన బనియన్ గుడ్డ. దారాన్ని ఉచ్చులుగా అల్లుతారు కాబట్టి బరువు పడేకొద్దీ విప్పారుతుంది. నేత గుడ్డలో పడుగూ పేకా బిగిసి ఉంటాయి. నిలువునా లాగితే సాగదు, ఐమూలగా లాగితేనే కొంచెం సాగుతుంది.

"బనియన్ గుడ్డ యాడ నిలుస్తాదమ్మా, బిడ్డ బరువెక్కేకొద్దీ సాగుతాది" అని మా అత్త తన పాత ఎమ్మిగనూరు నేత చీర ఇచ్చింది. ఇంట్లోనే గంటసేపు కట్టుకుని తిరిగినా, పాప అంగుళం జారలేదు. కానీ పల్చటి చీర, భుజం కోసుకుపోయింది. చివరికి నాలుగున్నర మీటర్ల మందపాటి నేత ర్యాప్ కొన్నా. పాపకు ఇప్పుడు ఏడాది దాటింది, తొమ్మిది కిలోలు. మేముండే రెండో అంతస్తుకు లిఫ్టు లేదు, రోజూ దీంతోనే ఎక్కి దిగుతున్నా.

కట్టడం చేతికి రావడానికి పది రోజులు పట్టింది. బస్టాండులో కడితే కొసలు దుమ్ములో పడతాయి, అది నాకు అస్సలు నచ్చదు. ముందువైపు కడితే పాప మీద మూడు పొరలు పడతాయి, కాబట్టి మన ఏప్రిల్, మే ఎండల్లో పొద్దున ఎనిమిదిలోపు తప్ప కట్టలేదు. ఎండాకాలంలోనే కాన్పయ్యేవాళ్లకు ఏది కొనమనాలో నాకు తోచడం లేదు.

మా పాప తొందరగా బరువు పెరిగింది. సన్నగా ఉండే బిడ్డకు సాగేది ఇంకొన్నాళ్లు పనికిరావచ్చు. వచ్చే నెల మా చెల్లెలి కాన్పు. ఆ సాగే ర్యాప్‌ను ఉతికి తనకు ఇచ్చినా, మూడు నెలల తర్వాత తీసి పక్కన పెట్టెయ్యమని చెప్పి.