తిరుపతి నుంచి శాన్ ఫ్రాన్సిస్కో: డైరీలో రాసుకున్న గంటల లెక్క

మా అమ్మాయి శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఫ్రీమాంట్‌లో ఉంటుంది. 2016 నుంచి ఇప్పటికి ఆరుసార్లు వెళ్లొచ్చాం. ఇక్కడ తాళం వేసిన టైమూ, అక్కడ గడప తొక్కిన టైమూ ప్రతిసారీ డైరీలో రాసిపెట్టాను. ఈ లెక్కంతా అందులోదే.

చెన్నై నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దూరం నెట్‌లో చూస్తే సుమారు 13,900 కిలోమీటర్లు. అంకె తప్పు కాదు గానీ, ఆ దారిలో మనల్ని తీసుకెళ్లే విమానమే లేదు. మనవడి గ్లోబు మీద పూలు కట్టే దారం బిగించి చూశాను. అది చైనా, సైబీరియా మీదుగా పైకెక్కి అలాస్కా వైపు నుంచి దిగింది. నేరు విమానం లేదు కాబట్టి దుబాయ్ మీదుగా వెళ్తే దాదాపు 16,000, సింగపూర్ మీదుగా అయితే 16,500.

టైము సంగతి ఇంకో కథ. దుబాయ్ నుంచి అవతలికి 16 గంటలు అంటారు, నిజమే. కానీ మాకు ప్రయాణం రేణిగుంట రోడ్డులోనే మొదలవుతుంది. పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటి చెన్నై ఎయిర్‌పోర్టుకు మూడున్నర గంటలు. అక్కడ మూడు గంటల కాపలా, నాలుగు గంటల మొదటి విమానం, మధ్యలో మకాం, ఆ తర్వాత ఈ 16. ఇమ్మిగ్రేషన్ లైను, సామాను, కారు కలిపితే డైరీలో సగటు 33 గంటలు. దిగేసరికి మోకాళ్లకు పుత్తూరు కట్టు కట్టించుకోవాలేమో అనిపిస్తుంది.

టికెట్ చవకని ఒకసారి గంటన్నర కనెక్షన్ తీసుకున్నాం. మేం పరుగెత్తి అందుకున్నాం, పెట్టె అందుకోలేదు. ఆవకాయ రెండు రోజుల తర్వాత వచ్చింది, నూనె బట్టల్లోకి దిగి. అప్పటి నుంచి మూడు గంటలకు తక్కువైతే నేను బుక్ చేయను.

బెంగళూరు నేరు విమానం 2021 జనవరిలో మొదలైంది. 2023లో ఒకసారి ఎక్కాం. చిత్తూరు, కోలారు మీదుగా కారులో ఐదు గంటలు పట్టినా మొత్తం 28లో అయిపోయింది. పెద్దవాళ్లకు అదే మేలు. ఆ సర్వీసు నడుస్తోందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

సింగపూర్ దారిలో పసిఫిక్ మీద పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది. అందుకే వెళ్లేటప్పుడు పదిహేనున్నర గంటలు, వచ్చేటప్పుడు పదిహేడు. వింతేమిటంటే, ఉదయం తొమ్మిదికి సింగపూర్‌లో ఎక్కితే అదే తేదీన, ఇంచుమించు అదే తొమ్మిదికి దిగుతాం. అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో. శుక్రవారం రాత్రి పదకొండుకు అక్కడ ఎక్కితే సింగపూర్‌లో దిగేది ఆదివారం పొద్దున. మా ఆవిడకు శనివారం ఒక్కపొద్దు. "నా శనివారం ఏమైపోయింది?" అని ఎయిర్‌పోర్టులోనే నిలదీసింది. పసిఫిక్ మధ్యలో తేదీరేఖ ఉందని, ఇటువైపు దాటితే తేదీ ఒక రోజు ముందుకు జరుగుతుందని ఎంత చెప్పినా వినలేదు. ఇల్లు చేరాక సోమవారం ఉపవాసం ఉండి బాకీ తీర్చుకుంది.

ఈసారీ సింగపూర్ దారే. తిరుగు టికెట్ మంగళవారం రాత్రికి చేయించాను. బుధవారం పోతే పోనీ.