పొగ బండా, తొట్టెల తనిఖీనా?

డెంగీ నివారణకు స్థానిక సంస్థలు ఎక్కువగా ఎంచుకునే మార్గాలు రెండు: ఫాగింగ్, లేదా ఇంటింటా నిల్వ నీటిని పారబోయించడం. పొగ బండి వీధిలోకి వస్తే పని జరుగుతున్నట్టు అందరికీ కనిపిస్తుంది. కనిపించడమే దాని పెద్ద గుణం! అది ఎగిరే దోమలనే చంపుతుంది. గదుల్లో దాగిన ఏడిస్ దోమకు (డెంగీని వ్యాపింపజేసేది ఇదే) అంతగా తగలదు, నీటిలోని లార్వాలు, అంటే దోమ పిల్లలు, క్షేమం.

తనిఖీకి శ్రమ ఎక్కువ, తలుపు తీయని ఇళ్లూ ఉంటాయి. అయితే గుడ్డు దోమ కావడానికి సుమారు 7–10 రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తొట్టెలు, కూలర్లు, పాత టైర్లు ఖాళీ చేయిస్తే ఆ చక్రం తెగుతుంది. అంచుకు అంటిన గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. తొట్టెను రుద్ది కడగాల్సిందే.

కేసులు ఒక్కసారిగా పెరిగితే పొగనూ కాదనను. మిగతా రోజుల్లో ఆ డబ్బు తనిఖీ సిబ్బందికే వెచ్చించాలంటాను.